రెండడుగుల ఎత్తు నుంచి ఐదడుగుల పడక: రాస్‌బెర్రీ పై కెమెరా మాడ్యూల్ 3 వైడ్

పట్టుపురుగుల షెడ్డులో అరకూ అరకూ మధ్య ఉండే ఎడం రెండడుగులు, మహా అయితే రెండున్నర. పురుగులు మేసే పడక వెడల్పేమో ఐదడుగులు. పై అరకు కింది వైపున కెమెరా బిగించి, కింది పడకను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూపించాలంటే మామూలు సీసీ కెమెరా వల్ల కాదు. వెనక్కి జరుపుదామంటే జాగా లేదు. సరిగ్గా ఇలాంటి చోటికి పనికొచ్చిన కెమెరా గురించి ఇది రాస్తున్నాను. పేరు రాస్‌బెర్రీ పై కెమెరా మాడ్యూల్ 3, అందులో వైడ్ రకం, అంటే విశాల కోణం చూసేది. రాస్‌బెర్రీ పై అనేది ఒక చిన్న కంప్యూటర్ బోర్డు, ఈ కెమెరా దానికి తగిలించేది. మామూలు రకం కూడా అదే పేరుతో దొరుకుతుంది కాబట్టి 'వైడ్' అన్న మాట చూసుకుని కొనాలి.

నాది పలమనేరు చుట్టుపక్కల ఊళ్లలో సీసీ కెమెరాలు బిగించే పని. మా వైపు పట్టు రైతులు ఎక్కువ. వాళ్లలో ఒక అక్క చాలాకాలంగా ఒకే మాట అడుగుతా ఉండేది: "తమ్ముడూ, దొంగల కోసం కాదు, పురుగుల కోసం ఒక కెమెరా పెట్టు. తల ఎత్తిందా లేదా అదొక్కటి ఫోన్లో కనిపిస్తే చాలు నాకు."

పట్టు సాగు తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. పట్టుపురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. దాన్ని రైతులు జ్వరం అంటారు. జ్వరానికి కూర్చున్న పురుగు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాదాపు అన్నీ కూర్చున్నాక మేత ఆపి, పడక మీద సున్నం చల్లి ఆరనివ్వాలి. దాదాపు అన్నీ లేచాకే మళ్లీ ఆకు వేయాలి. తొందరపడి వేస్తే ముందు లేచినవి తిని పెరుగుతాయి, వెనక లేచినవి చిన్నగానే ఉండిపోతాయి. ఆ పంటలో గూళ్లు కట్టే రోజు దాకా ఆ తేడా సర్దుకోదు. అందుకే జ్వరం రోజుల్లో రాత్రీపగలూ షెడ్డుకు తిరగాల్సి వస్తుంది. ఆ టెన్షన్ తగ్గించడమే ఈ కెమెరా పని.

ముందు మామూలు దారులు ఎందుకు కుదరవో చెబుతాను. మేము ఇళ్లకు బిగించే డోమ్ కెమెరాల్లో ఎక్కువగా ఉండేది 2.8 లేదా 3.6 మిల్లీమీటర్ల లెన్స్. 2.8 అయితే కోణం విశాలంగానే ఉంటుంది. కానీ వాటికి ఫోకస్ కొన్ని మీటర్ల దూరానికి సరిచేసి, జిగురు పెట్టి వస్తుంది. గేటు దగ్గర మనిషి ముఖానికి అది సరే. రెండడుగుల దూరంలో ఉన్న పురుగు మసకే. జిగురు పగలగొట్టి లెన్సు తిప్పితే దగ్గరి ఫోకస్ వస్తుంది కానీ కస్టమర్ సొమ్ముకు నేనలా చేయను, వారంటీ పోతుంది. పైగా డోమ్ లావు ఎంతో చూడండి. రెండడుగుల ఎడంలో అదే నాలుగంగుళాలు తినేస్తుంది. ఫోనుకు తగిలించుకునే క్లిప్ లెన్సు కూడా ఒకటి తెప్పించి చూశాను. మధ్యలో బాగానే ఉంది, అంచులకు వెళ్లేసరికి పురుగూ ఆకూ కలిసిపోయి ఒకటే పచ్చటి మరక. ఫోనులో ఉన్న లెన్సు ఎలా ఉంటుందో తెలియకుండా దాని ముందు ఇంకో లెన్సు అతికిస్తే అంతకంటే రాదు. విశాల కోణం కావాలంటే లెన్సులోని మొదటి పలక నుంచి, బొమ్మను పట్టే సెన్సార్ దాకా మొత్తం కలిపి డిజైన్ చేయాల్సిందే.

ఇప్పుడు ఈ మాడ్యూల్ సంగతి. 2023 జనవరిలో విడుదలైంది. సోనీ ఐఎంఎక్స్708 సెన్సార్, దాదాపు 12 మెగాపిక్సెళ్లు, అడ్డంగా 4608, నిలువుగా 2592 చుక్కలు. వైడ్ రకం అడ్డంగా 102 డిగ్రీలు, నిలువుగా 67 డిగ్రీలు చూస్తుంది. మూల నుంచి మూలకు కొలిస్తే 120. ఫోకల్ లెంగ్త్ (ఇది తగ్గేకొద్దీ కోణం విశాలమవుతుంది) 2.75 మిల్లీమీటర్లు, ఎపర్చర్, అంటే వెలుతురు దూరే ద్వారం, ఎఫ్ 2.2 (ఈ అంకె పెరిగితే ద్వారం చిన్నది). ఆటోఫోకస్ ఉంది, 5 సెంటీమీటర్ల దగ్గర నుంచి పనిచేస్తుంది. విడుదలప్పుడు ప్రకటించిన ధర 35 డాలర్లు, మామూలు రకానికి 25. మన దగ్గరికి వచ్చేసరికి పన్నులూ రవాణా కలుస్తాయి.

102 డిగ్రీలు అంటే ఎంతో కాగితం మీద తేలిగ్గా తేలుతుంది. కెమెరా ఎంత ఎత్తులో ఉంటే దానికి సుమారు రెండున్నర రెట్ల వెడల్పు కనిపిస్తుంది. 60 సెంటీమీటర్ల ఎత్తుకు 148 సెంటీమీటర్లు. అంటే ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. మామూలు రకం చూసేది 66 డిగ్రీలే, అదే ఎత్తు నుంచి 78 సెంటీమీటర్లు చూపిస్తుంది, పడకలో సగం. ధరలో 10 డాలర్ల తేడా మనకు కొనిపెట్టేది ఆ రెండో సగాన్ని. పొడవు వైపు మాత్రం వైడ్ కూడా రెండున్నర అడుగుల పైచిలుకే చూపిస్తుంది. కాబట్టి ముప్పై అడుగుల పడక మొత్తం ఒక్క కెమెరాలో పడుతుందని ఎవరూ అనుకోవద్దు. అక్క షెడ్డులో నడుమ అరలో, గాలి తగిలే కిటికీకి కొంచెం ఎడంగా ఒక చోటు ఎంచుకుని పెట్టాను. ఎక్కడ పెట్టాలో చెప్పింది ఆమే: "ఆ మూల ఎప్పుడూ ముందే లేస్తాయి, ఈ మూల ఆలస్యం. నడుమ పెడితే నికరం తెలుస్తుంది."

చుక్కల లెక్క కూడా చేసుకోవాలి. 148 సెంటీమీటర్లలో 4608 చుక్కలు అంటే మిల్లీమీటరుకు మూడు. నాలుగో జ్వరం నాటి పురుగుకు ఇది ధారాళంగా సరిపోతుంది, ఒళ్లు వంపు, తల ఎత్తిన తీరు స్పష్టంగా తెలుస్తాయి. కానీ తల మీద పాత పొర ఊడిందా లేదా చూడాలంటే చాలదు. దానికి ఇప్పటికీ చేత్తో పడక తడిమి, కళ్లతో చూడాల్సిందే. కెమెరా షెడ్డుకు ఎప్పుడు వెళ్లాలో చెబుతుంది, అక్కడ చేయాల్సిన పరీక్ష మాత్రం మనదే.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఇందులోని లెన్సు నిర్మాణం. వైడ్ రకం ఫోకల్ లెంగ్త్ 2.75, మామూలు దానిది 4.74. ఫోకల్ లెంగ్త్ అంత తగ్గినప్పుడు కెమెరా పలచబడాలి. కానీ కొలిచి చూస్తే మామూలు మాడ్యూల్ మందం 11.5 మిల్లీమీటర్లు, వైడ్‌ది 12.4. తగ్గాల్సిందిపోయి దాదాపు ఒక మిల్లీమీటరు పెరిగింది. కారణం వైడ్ లెన్సుల పుట్టుకలోనే ఉంది. పక్క నుంచి బాగా ఏటవాలుగా వచ్చే వెలుతురును ఒక్కసారిగా వంచితే బొమ్మ చెడుతుంది. అందుకని ఇలాంటి లెన్సుల్లో సాధారణంగా ముందు ఒక పుటాకార పలక పెట్టి ఆ ఏటవాలును తగ్గిస్తారు, తర్వాతి పలకలు దాన్ని కూడగట్టి సెన్సార్ మీద పడేస్తాయి. 1950లో ఫ్రాన్స్‌లో పియేర్ ఆంజెన్యూ అనే ఆయన కంపెనీ రెట్రోఫోకస్ పేరుతో 35 మిల్లీమీటర్ల లెన్సు తెచ్చింది ఈ పద్ధతిలోనే. అప్పటి అవసరం వేరు, లెన్సుకూ ఫిల్ముకూ మధ్య, బొమ్మను కంటికి చూపించే అద్దం తిరగడానికి చోటు కావాలి. ఇప్పటి చిన్న కెమెరాల్లో అద్దం లేదు, కానీ ఏటవాలు కిరణాల బాధ అలాగే ఉంది. పైగా సెన్సార్ మీది చుక్కలు చిన్న చిన్న గుంటల్లాంటివి, నిటారుగా దిగే వెలుతురునే సరిగా పట్టుకుంటాయి. అందుకే ఫోను తరహా లెన్సుల్లో చివరి పలకను నడుమ ఒక రకంగా, అంచుల దగ్గర ఇంకో రకంగా వంపు తిరిగేలా చేస్తారు. అడ్డంగా కోసి చూస్తే రెక్కలు చాపిన పక్షిలా ఉంటుంది. ఇంత వంకర ఆకారాన్ని గాజులో సాన పెట్టడం చాలా ఖర్చు. ప్లాస్టిక్‌ను అచ్చులో పోస్తే లక్షల్లో తీయొచ్చు. తైవాన్‌లో లార్గాన్, చైనాలో సన్నీ ఆప్టికల్ లాంటి కంపెనీలు ఎదిగింది ఈ అచ్చుల పనితనం మీదే.

ఫోన్లలో విశాల కోణానికి విడిగా కెమెరా పెట్టడం 2016లో ఎల్‌జీ జీ5తో నలుగురి నోళ్లలో పడింది, దాని కోణం 135 డిగ్రీలు. 2019లో ఐఫోన్ 11 వచ్చేసరికి 120 డిగ్రీల దగ్గర ఆగారు. నా ఉద్దేశంలో అది మంచి నిర్ణయం. అక్కణ్ణుంచి ఇంకో పది పదిహేను డిగ్రీలు పెంచితే అంచులు వంగడమో, సాగడమో ఏదో ఒకటి ఒప్పుకోవాలి.

ఈ వంగడం, సాగడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కొనేవాళ్లు చాలామంది దీని దగ్గరే తికమకపడతారు. విశాల కోణం లెన్సుల్లో రెండు జాతులు. చేపకన్ను జాతి గీతలను విల్లులా వంచేస్తుంది కానీ అంచున ఉన్న వస్తువును లాగదు. రెండో జాతి సరళ రేఖను సరళ రేఖగానే ఉంచుతుంది, బదులుగా అంచున నిలబడ్డ మనిషి ముఖాన్ని పక్కకు లాగుతుంది. పెళ్లి గ్రూపు ఫొటోలో చివర నిలబడ్డవాళ్లు లావుగా కనిపించేది దీనివల్లే. మాడ్యూల్ 3 వైడ్ ఈ రెండో జాతికి దగ్గర. సెన్సార్ వెడల్పు సుమారు 6.45 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 2.75. గీత అస్సలు వంగకూడదంటే లెక్క ప్రకారం 99 డిగ్రీలు రావాలి. ఇచ్చింది 102. అంటే చాలా కొద్దిగా మాత్రమే వంపు ఒప్పుకున్నారు. అర తాలూకు ఇనుప కమ్మీ ఫొటో అంచున కొంచెం బొద్దుగా వంగుతుంది, పనికి అడ్డం రాదు.

పడకకు ఈ రెండో జాతే కావాలి. ముఖం సాగడానికి కారణం ముఖానికి లోతు ఉండటం. పడక చదును. కెమెరాను పడకకు సమాంతరంగా బిగిస్తే నడుమ పురుగూ అంచు పురుగూ దాదాపు ఒకే పొడవుతో పడతాయి, లెక్క పెట్టడం, పోల్చడం తేలిక. అదే చేపకన్ను అయితే అంచు పురుగులు నడుమవాటి కంటే చిన్నగా కనిపించి, ఎదగలేదేమో అని భయపెడతాయి. ఇంకో లాభం వాడాకే తెలిసింది. కెమెరాకు నేరుగా కింద ఉన్న పురుగు తల ఎత్తినా పైనుంచి చూస్తాం కాబట్టి తేడా తెలియదు. అంచున ఉన్నవాటిని 50 డిగ్రీల ఏటవాలుగా, పక్క నుంచి చూస్తాం. ఎత్తిన తల అక్కడ చక్కగా బయటపడుతుంది. అక్కకు కూడా అదే చెప్పాను, ఫొటో నడుమ కాదు, రెండు పక్కలా చూడమని.

వెలుతురు దగ్గర మాత్రం ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. ఎఫ్ 2.2 అంటే మామూలు రకం ఎఫ్ 1.8 కంటే తక్కువ వెలుతురు, అదే సమయంలో అది పట్టేదానిలో మూడింట రెండు వంతులు. దానికి తోడు ఏ వైడ్ లెన్సుకైనా ఉండే కష్టం ఇంకొకటి. నడుమ పడే వెలుతురుతో పోలిస్తే 51 డిగ్రీల (102లో సగం) అంచున పడేది, సాదా లెన్సు అయితే, ఆరో వంతు కూడా ఉండదు. కోసైన్‌ను నాలుగుసార్లు వేసి ఒకదానితో ఒకటి హెచ్చిస్తే వచ్చే లెక్క అది. మంచి డిజైనులో ఏటవాలు కిరణాలకు ద్వారం కాస్త పెద్దగా తెరుచుకునేలా పలకలు మలిచి కొంత రాబడతారు, మిగిలింది సాఫ్ట్‌వేర్ పెంచి చూపిస్తుంది. పెంచిన చోట ఫొటోలో గరుకు గింజలు కూడా పెరుగుతాయి. పట్టు షెడ్డులో వెలుతురు మందంగానే ఉంచుతారు, ఎండ పడితే పురుగులు ఒక పక్కకు పోతాయి. కాబట్టి సాయంత్రం ఫొటోల్లో అంచులు గరుకుగా ఉంటాయని ముందే తెలుసుకుని ఉండాలి.

దీనికి విరుగుడు షట్టర్ నెమ్మది చేయడం. అక్కడ ఒక మేలు జరిగింది. సెకనులో ఐదో వంతు తెరిచి ఉంచితే మేస్తున్న పురుగుల తలలు అలుక్కుపోయి పడతాయి, జ్వరంలో ఉన్నవి గీసినట్టు పడతాయి. అలుకు ఎంత తక్కువ ఉంటే అంత మంది కూర్చున్నారన్నమాట. అక్క ఇప్పుడు ఫొటో పెద్దది కూడా చేయకుండా, ఒక్క చూపులో "ఇంకా మేస్తా ఉండాయి" అని చెప్పేస్తుంది. రాత్రిపూట కూడా చూడాలనుకునేవాళ్లకు ఇదే వైడ్‌లో నో ఐఆర్ రకం ఉంది, అంటే పరారుణ కాంతిని అడ్డుకునే ఫిల్టర్ లేనిది. పరారుణ ఎల్ఈడీలు పెట్టుకుంటే పనిచేస్తుంది, కానీ పగటి ఫొటోలో ఆకు పచ్చ రంగు నిజంగా కనిపించదు. ఆకు వాడిందా అని రంగు చూసి చెప్పాలంటే మామూలు వైడే తీసుకోండి.

ఫోకస్ విషయంలో ఒక సలహా. ఆటోఫోకస్ ఉంది కదా అని వదిలేయకండి. కొమ్మలతో మేత వేసే షెడ్డులో ఏదో ఒక ఆకు పైకి లేచి ఉంటుంది, కెమెరా దాన్ని పట్టుకుంటుంది. ఒక దూరం ఎంచి కట్టేయడం మేలు. సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ పొజిషన్ అనే చోట, 1ని మీటర్లలో దూరంతో భాగించి వచ్చిన అంకె ఇవ్వాలి. 60 సెంటీమీటర్లకు 1.67. ఫోకల్ లెంగ్త్ చిన్నది కాబట్టి ఇక్కడ వైడ్ మనకు బాగా కలిసొస్తుంది. రెండు చుక్కల మసకను ఒప్పుకుంటే, నా లెక్కలో 40 సెంటీమీటర్ల నుంచి 115 దాకా అంతా స్పష్టమే. మామూలు రకం అయితే అదే ఫోకస్‌కు 53 నుంచి 69 వరకే. పంట ముదిరేకొద్దీ కొమ్మల మీద కొమ్మలు పడి పడక అరడుగు దాకా లేస్తుంది, పురుగు కెమెరాకు దగ్గరవుతుంది. వైడ్‌లో మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. వేడికి ప్లాస్టిక్ లెన్సు గాజు కంటే ఎక్కువగా ఉబ్బి ఫోకస్ కాస్త జరిగినా ఆ మేరలోనే కలిసిపోతుంది. ఒక్కటే గుర్తుంచుకోవాలి: పడక లేచి దూరం 45 సెంటీమీటర్లకు తగ్గితే కనిపించే వెడల్పు కూడా 111కి తగ్గుతుంది. చివరి రోజుల్లో రెండు అంచులూ ఫొటో నుంచి జారిపోతాయి.

పెట్టె తయారుచేసేవాళ్లు కన్నం పెద్దది పెట్టండి. బోర్డు 25 బై 24 మిల్లీమీటర్లే కాబట్టి చిన్న స్విచ్ పెట్టె కూడా చాలు. కానీ మూలల నుంచి వచ్చే కిరణం నిటారుకు 60 డిగ్రీల ఏటవాలులో వస్తుంది. లెన్సు ముఖానికి 5 మిల్లీమీటర్ల ముందు అక్రిలిక్ పలక పెడితే లెన్సు చుట్టూ ప్రతి వైపూ ఇంకో 9 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. అంత లేకపోతే నాలుగు మూలలూ నల్లగా వస్తాయి. పలకను లెన్సుకు ఎంత దగ్గరగా పెడితే కన్నం అంత చిన్నది సరిపోతుంది, లోపలి ప్రతిబింబాలూ తగ్గుతాయి. పలక లేకుండా మాత్రం వాడొద్దు. జ్వరం నాడు చల్లే సున్నం మెత్తటి పొడి, లెన్సు మీద పడితే తుడవడంలోనే గీతలు పడతాయి. పంటకూ పంటకూ మధ్య షెడ్డు శుద్ధి చేసేటప్పుడు పెట్టెతో సహా విప్పి బయటికి తేవాలి. బ్లీచింగ్ ఘాటుకు బోర్డు మీది రాగి నిలవదు. అందుకే నేను మరలు బిగించకుండా, అర కమ్మీకి రెక్క నట్టుతో పట్టీ పెట్టాను. అక్క స్పానర్ లేకుండా తనే విప్పుకుంటుంది.

ఇది అందరికీ కాదు. పెట్టె విప్పగానే పనిచేసే కెమెరా కాదు, వెనక రాస్‌బెర్రీ పై బోర్డు కావాలి, మెమొరీ కార్డులో సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, పావుగంటకొక ఫొటో తీసి ఫోనుకు పంపే నాలుగు లైన్ల ప్రోగ్రాం రాయాలి. ఇంటి ముందు, కొట్టు ముందు పెట్టుకోవడానికైతే మామూలు సీసీ కెమెరానే కొనండి. వానకు తడవకుండా, రికార్డింగ్‌తో సహా తక్కువలో వస్తుంది. వెనక్కి జరగడానికి నాలుగడుగులు దొరికే చోట ఈ మాడ్యూల్ మామూలు రకమే మేలు, వెలుతురు ఎక్కువ, వివరం ఎక్కువ. వైడ్ కొనాల్సింది జాగా లేనివాళ్లు: పొదిగే పెట్టెలు, కోళ్ల బోనులు, మగ్గం పైభాగం, పుట్టగొడుగుల అరలు. అలాంటి చోట్లకు ఇంత ధరలో ఇంత వంకర లేని గీతలతో, ఇంత దగ్గరి ఫోకస్‌తో దొరికిన వాటిలో నాకు నచ్చినది ఇదే. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది మందపు వెలుతురులో అంచుల గరుకుకు.

కొనేటప్పుడు కేబుల్ మర్చిపోవద్దు. కెమెరా మీద ఉండేది 15 పిన్నుల వెడల్పు కనెక్టర్. రాస్‌బెర్రీ పై బోర్డుల్లో 'పై జీరో 2 డబ్ల్యూ', 'పై 5' అనే రకాల మీద ఉండేది 22 పిన్నుల సన్నది. ఒక చివర వెడల్పు, ఇంకో చివర సన్నం ఉండే పట్టీ కేబుల్ అడిగి తీసుకోండి, అరల మధ్య వంచి లాగడానికి కాస్త పొడవుదే తెప్పించండి.